14416: ఫోను సరే, పగటిపూట సంగతేంటి?

స్కిజోఫ్రీనియాకో బైపోలార్‌కో మందులు కుదిరి ఇంటికొచ్చిన మనిషికి టెలీ మానస్, అంటే 14416 నంబరులో పలికే ప్రభుత్వ మానసిక ఆరోగ్య ఫోను సేవ, సగం సేవే. ఆ సగం మాత్రం మేలైనది. 2022 అక్టోబరు 10న మొదలైన ఈ ఉచిత సర్వీసు 24 గంటలూ ఉంటుంది. 14416కి చేసి తెలుగు ఎంచుకుంటే ముందు కౌన్సెలర్ మాట్లాడతారు, అవసరమైతే స్పెషలిస్టుకు కలుపుతారు, లేదా ఆసుపత్రికి వెళ్లమంటారు. ఫోను చేసేముందు మందుల చీటీ దగ్గర పెట్టుకోండి: మాత్ర పేరు, ఎన్ని మిల్లీగ్రాములు, చివరి ఇంజెక్షన్ తేదీ, ఈ వారం రాత్రికి ఎన్ని గంటలు నిద్రపోయారు. ఊరికే ‘అదోలా ఉన్నాడండీ’ అంటే అవతలివాళ్లు మాత్రం ఏం చెప్పగలరు?

ఇక ఫోను తీర్చలేనిది పగలు. పొద్దున పదింటి నుంచి సాయంత్రం దాకా గోడలు చూస్తూ కూర్చుంటే మాత్రలు ఒక్కటే మనిషిని నిలబెట్టవు. ఆసుపత్రి అవసరం తీరినవాళ్లకు సమాజంలోనే బతికే ఏర్పాట్లు, అంటే హాఫ్‌వే హోములు, గ్రూప్ హోముల వంటివి, ప్రభుత్వం చూడాలని 2017 మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం 19వ సెక్షన్ చెబుతోంది. హక్కుంది కదా అని అది ఇంటికి నడిచిరాదు. అందుకే 14416లో సూటిగా అడగండి: మా మండలానికి దగ్గర్లో డే కేర్, అంటే పగలు గడిపి సాయంత్రం ఇంటికొచ్చే కేంద్రం, ఉందా? జిల్లా మానసిక ఆరోగ్య కార్యక్రమం డాక్టరు ఏ ఆసుపత్రిలో, ఏ రోజు చూస్తారు?

ఏదైనా కేంద్రం పేరు దొరికితే చేర్చేముందు దాని వంటింట్లోకి తొంగి చూడండి. 1948లో న్యూయార్క్‌లో మొదలైన ఫౌంటెన్ హౌస్ పద్ధతిలో వచ్చేవాళ్లు పేషెంట్లు కారు, సభ్యులు. కూరలు తరగడం, లెక్కలు రాయడం, ఫోన్లు ఎత్తడం సిబ్బందితో కలిసి వాళ్లే చేస్తారు, ఇష్టమైతేనే వస్తారు. అందరినీ టీవీ ముందు వరసగా కూర్చోబెట్టే చోటుకు ఎంత ఫీజు కట్టినా దండగే.

కేంద్రం దొరక్కపోతే మన తిరుపతిలో ప్రకాశం పార్కో, లైబ్రరీయో, తెలిసినవాళ్ల అంగడో చాలు. మొదట వారానికి రెండు రోజులు, 40 నిమిషాలు. అదే చోటు, అదే వేళ, చేతికో చిన్న పని. రెండు వారాలు సాఫీగా సాగాకే మూడో రోజు కలపండి. ఒలాంజపిన్, క్లోజపిన్ వాడేవాళ్లకు పొద్దున మత్తు వదలదు కాబట్టి 11 తర్వాత పెట్టుకోండి. సుప్రభాతం వేళకే లేపాలన్న పట్టుదల ఇక్కడ వద్దు. బ్రహ్మోత్సవాల రద్దీలో ఈ అలవాటు మొదలుపెట్టొద్దు. ఎక్కువసార్లు చెడగొట్టేది మాత్రం వెంట వెళ్లిన ఇంటివాళ్లే: ఎవరేం అడిగినా వాళ్లే జవాబిచ్చేస్తారు. తీసుకెళ్లినవాళ్లు పది అడుగుల అవతల కూర్చోవాలి.

మన ఎండల్లో ఇంకో చిక్కు. బైపోలార్‌కు ఇచ్చే లిథియం వాడే మనిషి ఉపవాసంతో, నీళ్లు చాలకుండా అలిపిరి మెట్లెక్కితే రక్తంలో మందు మోతాదు పెరుగుతుంది. మోకాళ్ల నొప్పికని ఐబుప్రొఫెన్, డైక్లోఫెనాక్ వేస్తే ఇంకా పెరుగుతుంది. చేతుల వణుకు ఎక్కువై, వాంతులు, నడకలో తూలు కనిపిస్తే చీటీ పట్టుకుని వెంటనే ఆసుపత్రికి వెళ్లి లిథియం రక్తపరీక్ష అడగాలి. మందుల వల్ల వచ్చే వణుకు, బిగుసుకుపోవడం తగ్గడానికిచ్చే ట్రైహెక్సీఫెనిడిల్ వేసుకునేవాళ్లకు చెమట తగ్గుతుంది, వడదెబ్బ తొందరగా కొడుతుంది. మొక్కు చలికాలానికి వాయిదా వేసుకోండి, స్వామి ఏమీ అనుకోడు.

వరసగా రెండు రాత్రులు నిద్ర తగ్గితే బయట గడిపే వేళ కుదించండి, పూర్తిగా మాన్పించొద్దు. మాత్రలు సరిగా వేసుకుంటున్నారో లేదో చూసి 14416కి చేయండి. ప్రాణం మీదికి వచ్చేలా ఉంటే ఆ ఫోనుతో పొద్దుపుచ్చకుండా 108 పిలిచి తిరుపతి రుయా ఆసుపత్రి అత్యవసర విభాగానికి తీసుకెళ్లాలి.