ఉగాండా ప్రయాణానికి ముందు రాయగడలో తీసుకున్న వైద్య సలహా: ఒక సమీక్ష

ఒడిశాలోని రాయగడ, గుణుపురం, పర్లాకిమిడి ప్రాంతాల తెలుగు కుటుంబాల్లో ఆఫ్రికా దేశాలలో ఉద్యోగం చేస్తున్న పిల్లలను చూడటానికి బయలుదేరే తల్లిదండ్రులు ఇప్పుడు అక్కడక్కడా కనిపిస్తున్నారు. వీసా గురించి, టికెట్ల గురించి చెప్పేవారు దొరుకుతారు గాని, ఏ టీకా వేయించుకోవాలో, ఏది అక్కరలేదో, ఎంత ముందుగా మొదలుపెట్టాలో చెప్పేవారు మన వైపు తక్కువ. ఉగాండా రాజధాని కంపాలాలో ఉన్న మా అమ్మాయి ఇంటికి వెళ్లే ముందు నేనూ మావారూ రాయగడలోనే ప్రైవేటుగా వైద్యం చేస్తున్న ఒక డాక్టరమ్మ దగ్గర ప్రయాణ ఆరోగ్య సలహా తీసుకున్నాము. తన పేరు ప్రకటించడం ఆమెకు ఇష్టం లేదు కనుక ఇక్కడ రాయడం లేదు. అయినా ఇలాంటి సలహా కోసం వెళ్లేవారు వైద్యుల నుంచి ఏమేమి ఆశించవచ్చో తెలియాలని, మాకు అందిన సేవను వివరంగా రాస్తున్నాను.

ఆమె సూది మాట ఎత్తకముందే చాలాసేపు ప్రశ్నలు అడిగారు. ఏ నెలలో వెళుతున్నారు, నగరంలోనే ఉంటారా, పల్లెలకూ అడవులకూ వెళతారా, ఎన్ని వారాలు ఉంటారు, ఏయే మందులు వాడుతున్నారు, ఇంతకుముందు ఏ టీకాకైనా ఒళ్లు వికటించిందా, కోడిగుడ్డు తింటే దద్దుర్లు గాని ఆయాసం గాని వస్తాయా అని ఒక్కొక్కటీ అడిగి కాగితం మీద రాసుకున్నారు. ప్రయాణానికి కనీసం ఆరు వారాల ముందు రావడం మంచిదని, కొన్ని టీకాలకు రెండు మోతాదుల మధ్య వ్యవధి కావాలని, టీకా వేసిన తరువాత శరీరంలో రక్షణ ఏర్పడటానికి కూడా కొంత సమయం పడుతుందని చెప్పారు.

ఈ సేవలో అన్నిటికంటే విలువైనదిగా నేను భావించేది మలేరియా గురించి ఆమె చెప్పిన తీరు. రాయగడ, కోరాపుట్ జిల్లాల్లో పుట్టి పెరిగినవారికి మలేరియా కొత్త కాదు. చలిజ్వరం ఎరగని ఇల్లు మా తరంలో లేదంటే అతిశయోక్తి కాదు. అందువల్ల మన ఒంటికి అది అలవాటైపోయిందని, ఆఫ్రికాలో మలేరియా మనల్ని ఏమీ చేయదని చాలామంది నమ్ముతారు. మావారు ఆ మాటే అన్నారు. డాక్టరమ్మ దానిని కొట్టిపారేయకుండా ఓపికగా వివరించారు. పదేపదే మలేరియా సోకిన మనిషిలో కొంత నిరోధకత ఏర్పడే మాట నిజమే గాని అది పాక్షికం మాత్రమేనని, మళ్లీ మళ్లీ సోకుతూ ఉంటేనే నిలుస్తుందని, సోకడం ఆగిపోతే క్రమంగా తగ్గిపోతుందని చెప్పారు. ఒడిశా ప్రభుత్వం 2017లో మొదలుపెట్టిన దమన్ కార్యక్రమం కింద కొండ గ్రామాల్లో సామూహికంగా రక్తపరీక్షలు చేసి, మందులిచ్చి, దోమతెరలు పంచిన తరువాత మన జిల్లాల్లో మలేరియా బాగా తగ్గింది. అంటే ఇప్పుడు మన ఒంట్లో ఆ పాత నిరోధకత ఎంత మిగిలి ఉందో ఎవరూ హామీ ఇవ్వలేరు. “అమ్మా, ఇక్కడ మలేరియా తగ్గడం మనకు మేలే. కానీ అక్కడికి వెళ్లేటప్పుడు మీరు కొత్తవాళ్లలాగే జాగ్రత్తపడాలి” అని ఆమె అన్న మాట మావారికి సూటిగా తాకింది.

ఉగాండాలో దాదాపు దేశమంతటా, ఏడాది పొడవునా మలేరియా వ్యాపిస్తుంది. అందులో ఎక్కువ భాగం ప్రాణాపాయం కలిగించగల ఫాల్సిపేరమ్ రకం. మన ఇళ్లలో పాతకాలం నుంచి పేరు తెలిసిన క్లోరోక్విన్ అక్కడి నివారణకు పనికిరాదు, ఎందుకంటే ఆ పరాన్నజీవి దానికి లొంగడం మానేసింది. నివారణ మందుల్లో మూడింటి మధ్య తేడాలను ఆమె విడమరిచి చెప్పారు. అటోవాక్వోన్, ప్రోగువానిల్ కలిసిన మాత్రను ప్రయాణానికి ఒకటి రెండు రోజుల ముందు మొదలుపెట్టి, అక్కడ ఉన్నన్నాళ్లూ రోజూ వేసుకుని, వచ్చాక ఏడు రోజులకు ఆపేయవచ్చు. డాక్సీసైక్లిన్ కూడా ఒకటి రెండు రోజుల ముందే మొదలవుతుంది గాని, తిరిగి వచ్చాక నాలుగు వారాలు కొనసాగించాలి. దానిని గర్భిణులకూ చిన్నపిల్లలకూ ఇవ్వరు, వేసుకున్నవారి చర్మం ఎండకు త్వరగా కమిలిపోవచ్చు. మెఫ్లోక్విన్ వారానికి ఒకటే మాత్ర అయినా, మానసిక సమస్యలు గాని మూర్ఛ గాని ఉన్నవారికి తగదు. మొదటి మందు మా ఊరి దుకాణాల్లో దొరకలేదు కనుక మా ఇద్దరికీ డాక్సీసైక్లిన్ రాశారు. భోజనం చేశాక నిండు గ్లాసు నీళ్లతో వేసుకోవాలని, వేసుకున్న వెంటనే పడుకుంటే అన్నవాహికలో పుండు పడే ప్రమాదం ఉందని చెప్పడం ఆమె మరచిపోలేదు. ఏ మాత్రా నూటికి నూరుపాళ్లు కాపాడదు కనుక సాయంత్రం నుంచి తెల్లవారేవరకు పొడుగు చేతుల బట్టలు, దోమల మందు పూసిన తెర, ఒంటికి రాసుకునే క్రీము తప్పనిసరి అని కూడా అన్నారు. మలేరియా దోమ రాత్రి కుడితే, డెంగీనీ, ఎల్లో ఫీవర్ అనే ప్రాణాంతక వైరస్ జ్వరాన్నీ వ్యాపింపజేసే దోమ పగలు కుడుతుంది కాబట్టి పగటి పూట కూడా ఏమరుపాటు తగదు.

ఎల్లో ఫీవర్ టీకా ఈ క్లినిక్‌లో వేయరు. ప్రభుత్వం అనుమతించిన కేంద్రాలలో మాత్రమే దానిని వేసి, అంతర్జాతీయంగా చెల్లే పసుపు రంగు కార్డు ఇస్తారు. మేము విశాఖపట్నం వెళ్లి వేయించుకున్నాము. ముందుగా ఫోను చేసి ఏ రోజున వేస్తారో కనుక్కుని మరీ వెళ్లమని డాక్టరమ్మ చెప్పడం ఎంతో మేలు చేసింది. ఒకే సీసాలో అనేక మోతాదులు ఉంటాయి, మందు కలిపిన తరువాత కొన్ని గంటల్లోనే వాడేయాలి, అందుచేత కేంద్రాలు కొందరిని ఒకచోట చేర్చి నిర్ణీత రోజుల్లోనే వేస్తాయి. ఈ సంగతి తెలియకుండా రాయగడ నుంచి రైలెక్కి వెళ్లినవారు ఉత్త చేతులతో తిరిగి రావలసి ఉంటుంది. కార్డు టీకా వేసిన పదో రోజు నుంచే చెల్లుతుంది. 2016 జూలై నుంచి అమలులో ఉన్న అంతర్జాతీయ నిబంధన ప్రకారం ఒక్కసారి వేయించుకుంటే జీవితాంతం సరిపోతుంది, పదేళ్లకోసారి మళ్లీ వేయించుకోనక్కరలేదు.

ఇక్కడ ఒక విషయం గట్టిగా చెప్పదలచుకున్నాను. మా ప్రయాణ ఏర్పాట్లు చూసిన ఏజెంటు ఒకరు, సూది లేకుండానే కార్డు తెప్పిస్తానని మాతో అన్నారు. ఇది ఎంత ప్రమాదకరమో డాక్టరమ్మ మాటల వల్ల పూర్తిగా అర్థమైంది. ఎల్లో ఫీవర్‌కు ప్రత్యేకమైన మందు లేదు. భారతదేశంలో ఆ వ్యాధి లేకపోయినా, దానిని వ్యాపింపజేసే ఏడిస్ దోమ మాత్రం మన వీధుల్లోనే ఉంది. రక్తంలో ఆ వైరస్‌తో ఒక్క మనిషి దిగినా ఇక్కడ అది పాతుకుపోవచ్చు. అందుకే ఆ వ్యాధి ఉన్న దేశాల నుంచి సరైన కార్డు లేకుండా వచ్చినవారిని మన ప్రభుత్వం ఆరు రోజుల వరకు విడిగా ఉంచుతుంది. దొంగ కార్డు కొనేవారు తమ ప్రాణాన్నే గాక తమ వీధిలోని పసిపిల్లల ప్రాణాలను కూడా పణంగా పెడుతున్నారు. అటువంటి మాట ఎవరు చెప్పినా వారితో ఏర్పాట్లు మానుకోవడమే మంచిది.

మావారికి అరవై దాటాయి. ఎల్లో ఫీవర్ టీకా బలహీనపరచిన సజీవ వైరస్‌తో తయారైనది కాబట్టి అరవై దాటి మొదటిసారి వేయించుకునేవారిలో తీవ్రమైన దుష్ఫలితాలు అరుదుగానైనా కొంచెం ఎక్కువగా కనిపిస్తాయి. డాక్టరమ్మ ఈ మాటను దాచలేదు, భయపెట్టనూ లేదు. రోగనిరోధక శక్తిని తగ్గించే మందులు వాడటం లేదని, థైమస్ గ్రంథికి సంబంధించిన జబ్బేదీ లేదని నిర్ధారించుకుని, వ్యాధి ఉన్న దేశంలో కొన్ని వారాలు ఉండబోతున్నారు కనుక టీకా వైపే మొగ్గాలన్న అభిప్రాయాన్ని కారణాలతో సహా ఉత్తరంగా రాసి, కేంద్రంలో చూపించమని ఇచ్చారు. ఆయనకు మర్నాడు కొద్దిగా ఒళ్లునొప్పులు, వెచ్చదనం తప్ప మరేమీ రాలేదు.

మిగిలిన టీకాల విషయంలో ఆమె నిజాయితీ నాకు నచ్చింది. కాలేయానికి సోకే హెపటైటిస్ ఎ వ్యాధికి టీకా వేస్తే క్లినిక్‌కు ఆదాయమే. కానీ మన దేశంలో పెద్దవారిలో చాలామందికి చిన్నతనంలోనే ఆ వ్యాధి తెలియకుండా వచ్చి పోయి ఉంటుందని, ముందు రక్తపరీక్ష చేయించమని చెప్పారు. ఇద్దరి రక్తంలోనూ ఆ వ్యాధిని అడ్డుకునే ప్రతిరక్షకాలు ఉన్నట్లు తేలడంతో ఆ ఖర్చు తప్పింది. టైఫాయిడ్‌కు హైదరాబాద్‌లో భారత్ బయోటెక్ తయారుచేసే కాంజుగేట్ టీకా వేశారు. ధనుర్వాతం టీకా వేయించుకుని పదేళ్లు దాటినందున అది కూడా వేశారు. మెనింజైటిస్ (మెదడు పొరల వాపు) టీకా ఉగాండా ఉత్తర ప్రాంతాలకు వెళ్లేవారికే ముఖ్యమని, కంపాలాకు అవసరం లేదని అన్నారు. కుక్క గాని కోతి గాని కరిస్తే పావుగంట సేపు సబ్బునీళ్లతో కడిగి, ఆ రోజే ఆసుపత్రికి వెళ్లాలని చెప్పారు.

మేము ఊహించని హెచ్చరిక మరొకటి ఉంది. నాగావళిలోనో, వంశధారలోనో, ఊరి చెరువులోనో స్నానం చేసి పెరిగినవాళ్లం మనం. నిర్మలమైన నీళ్లు కనబడితే కాళ్లు కడుక్కోవాలనిపిస్తుంది. విక్టోరియా సరస్సులో మాత్రం ఆ పని చేయకూడదని ఆమె ఖండితంగా చెప్పారు. ఆ నీటిలోని నత్తల నుంచి వెలువడే సూక్ష్మమైన పురుగులు చర్మం గుండానే శరీరంలోకి చొరబడి బిల్హార్జియా అనే జబ్బును కలిగిస్తాయి. దానికి టీకా లేదు. ఎప్పుడైనా ఆ నీళ్లలో దిగవలసి వస్తే, తిరిగి వచ్చాక పరీక్ష చేయించుకోవాలి, ప్రాజిక్వాంటెల్ అనే మందుతో నయమవుతుంది.

లోపాలు లేకపోలేదు. ఒక్కరే డాక్టరు కావడంతో మామూలు రోగుల మధ్య చాలాసేపు కూర్చోవలసి వచ్చింది. ఇలాంటి సలహాకు వారంలో ఒక పూట విడిగా కేటాయిస్తే బాగుంటుంది. అంతకంటే ముఖ్యంగా, ఇంటికిచ్చిన సూచనల పత్రం ఇంగ్లీషులోనూ ఒడియాలోనూ మాత్రమే ఉంది. ఆమె నోటితో చక్కని తెలుగులోనే వివరించారు గాని, ఏ మాత్ర ఎప్పుడు వేసుకోవాలో పరదేశంలో చూసుకోవడానికి కాగితమే దిక్కు. ఈ ఊళ్లో తెలుగు మాత్రమే చదవగల పెద్దలు చాలామంది ఉన్నారు, వారికి తెలుగు ప్రతి కావాలి. అడిగితే తయారుచేయిస్తామని మాట ఇచ్చారు. రుసుము మామూలు సంప్రదింపు కంటే ఎక్కువే అయినా, వేయించుకోనక్కరలేని టీకాల మీద మిగిలిన డబ్బుతో పోలిస్తే అది భారం కాలేదు.

తిరిగి వచ్చిన తరువాత ఏడాది లోపల ఎప్పుడు జ్వరం వచ్చినా అది మామూలు జ్వరమని ఊరుకోకుండా అదే రోజు మలేరియా పరీక్ష చేయించాలని, చూసే డాక్టరు ఎవరైనా ఉగాండా వెళ్లివచ్చామని మొదటే చెప్పాలని మా చీటీ మీద ఎర్ర సిరాతో రాశారు. ఆ పరీక్ష కోసం వస్తే వరుసలో కూర్చోనక్కరలేకుండా నేరుగా లోపలికి రమ్మని కూడా చెప్పి పంపారు.