రోడ్డెక్కని స్విఫ్ట్ స్పోర్ట్, రోడ్డు మీది మన స్విఫ్ట్: కొన్నేళ్లు రెండూ వాడాక

బరంపురంలో మా షెడ్డుకి వచ్చినవాళ్లందరూ అడిగేది ఒకటే: "ఇంత మంచి బండి కదా, ఓడీ-07 నంబరు వేయించెయ్యొచ్చుగా?" వేయించలేం. ఇది జపాన్‌లో తయారైన సుజుకి స్విఫ్ట్ స్పోర్ట్, జెడ్‌సీ32ఎస్ మోడల్. కేవలం పోటీల కోసం దిగుమతి చేసుకున్న ఒకాయన దగ్గర చెన్నైలో కొన్నాను. దాని పక్కనే గంజాం రిజిస్ట్రేషన్‌తో మన దేశపు 1.2 లీటర్ల స్విఫ్ట్ ఉంటుంది. రెండింటినీ కొన్నేళ్లుగా నేనే నడుపుతున్నాను, నేనే బాగుచేసుకుంటున్నాను. దిగుమతి కారు మీద మనసు పడ్డవాళ్ల కోసం ఇది రాస్తున్నాను.

ముందు బండి సంగతి. 1.6 లీటర్ల ఎం16ఏ ఇంజన్, 136 పీఎస్, ఆరు గేర్లు, టర్బో లేదు. నాలుగు వేల ఆర్‌పీఎమ్ దాటితేగానీ అసలు లాగుడు తెలియదు, దాటాక ఏడు వేల దాకా ఆగదు. గేర్లు దగ్గర దగ్గరగా ఉంటాయి కాబట్టి ఎర్రమట్టి మీద మలుపు తిరిగి బయటపడేటప్పుడు ఇంజన్ ఎప్పుడూ ఊపులోనే ఉంటుంది. మన స్విఫ్ట్‌కి వెనక డ్రమ్ బ్రేకులు, దీనికి నాలుగు చక్రాలకీ డిస్కులు. ఇరుకు మలుపులో హ్యాండ్‌బ్రేక్ లాగితే వెనక భాగం అనుకున్నంతే తిరుగుతుంది. మన స్విఫ్ట్‌తో అదే పని చేస్తే ఒక్కోసారి ఎక్కువ తిరుగుతుంది, ఒక్కోసారి అసలు తిరగదు. డ్రమ్ములోకి దుమ్ము చేరితే చెప్పనే అక్కర్లేదు. నడపడంలో ఈ రెండింటికీ పోలికే లేదు, స్పోర్ట్ చాలా గొప్ప బండి.

స్పేర్ పార్టుల విషయంలో నేను భయపడినంత లేదు. ఇదే ఎం16ఏ కుటుంబం ఇంజన్ మన దగ్గర మారుతి ఎస్‌ఎక్స్4లో వచ్చింది. అన్నీ కాకపోయినా రోజువారీ అవసరమైన సామాను చాలావరకు అలా దొరుకుతుంది. చక్రాలు కూడా అంతే. మామూలు స్విఫ్ట్‌కి నాలుగు బోల్టులు, స్పోర్ట్‌కి ఐదు. ఎస్‌ఎక్స్4 చక్రాలకీ అదే కొలతలో ఐదు బోల్టులే. కంపెనీ ఇచ్చిన 17 అంగుళాల చక్రాలు, ఆ పల్చటి టైర్లు మట్టి మీద రాయి తగిలితే వంగిపోతాయి. అందుకే నేను ఎస్‌ఎక్స్4 16 అంగుళాల చక్రాలకి మారాను. దొరకనివల్లా స్పోర్ట్‌కి మాత్రమే చేసినవి: బంపర్లు, సస్పెన్షన్, గేర్‌బాక్సు లోపలి భాగాలు. అవి జపాన్ నుంచే రావాలి. వచ్చేదాకా బండి స్టాండ్ల మీదే ఉంటుంది.

పెట్రోలు 95 ఆక్టేన్‌కి తక్కువ పొయ్యను. ఈ ఇంజన్‌కి జపాన్‌లో ప్రీమియం పెట్రోలే చెప్పారు.

రోడ్డెక్కని కారుకి అరుగుదల కంటే ఖాళీగా ఉండటమే ఎక్కువ చేటు. గోపాల్‌పూర్ సముద్రపు గాలి మా ఊరిదాకా వస్తుంది. వానాకాలంలో కొన్నాళ్లు కదపకపోతే డిస్కులు తుప్పు పడతాయి, బ్యాటరీ దిగిపోతుంది, ట్యాంకులో పెట్రోలు పాతబడుతుంది. మామూలు కారైతే సాయంత్రం ఛత్రపూర్ దాకా వెళ్లొస్తే సరిపోతుంది. దీన్ని గేటు దాటించకూడదు. మోటారు వాహనాల చట్టం 39వ సెక్షన్ ప్రకారం రిజిస్ట్రేషన్ లేని బండిని బహిరంగ స్థలంలో నడపకూడదు. జనానికి రాకపోకల హక్కు ఉన్న చోటల్లా ఆ లెక్కలోకి వస్తుంది, అది రోడ్డే కానక్కర్లేదు. మా మామయ్యగారికి ప్రహరీ, గేటు ఉన్న ఖాళీ స్థలం ఉంది కాబట్టి నాకు సాధన కుదిరింది. అది లేకపోతే ఈ కారు కొనేవాణ్నే కాదు.

పోటీకి తీసుకెళ్లాలంటే లారీ ఎక్కించాల్సిందే. చెన్నై దగ్గరి ఇరుంగాట్టుకోట్టై ట్రాక్ మాకు వెయ్యి కిలోమీటర్ల పైమాటే. ఇచ్ఛాపురం దాటగానే ఎవరో ఒకరు ఆపి "నంబరు లేదేంటి?" అంటారు. బిల్ ఆఫ్ ఎంట్రీ (దిగుమతి వివరాలతో కస్టమ్స్‌కి ఇచ్చే పత్రం), డ్యూటీ కట్టిన రసీదు, అమ్మకపు పత్రం ఒరిజినల్స్ చూపిస్తే వదిలేస్తారు. జిరాక్సులతో వెళ్లినవాళ్లకి అక్కడ గంటల కొద్దీ టెన్షన్.

చాలామందికి తెలియనిది ఇంకొకటుంది. ర్యాలీలో స్పెషల్ స్టేజీల కోసం, అంటే టైము లెక్కగట్టే పోటీ భాగాల కోసం, రోడ్డు మూసేస్తారు గానీ, ఒక స్టేజీ నుంచి ఇంకో స్టేజీకి మామూలు ట్రాఫిక్‌లోనే వెళ్లాలి. అక్కడ ఆ దేశపు రోడ్డు చట్టమే వర్తిస్తుంది. టీఎస్‌డీ ర్యాలీ (చెప్పిన వేగంతో, చెప్పిన టైముకి చేరాల్సిన పోటీ) అయితే మొత్తం మామూలు రోడ్ల మీదే. కాబట్టి నంబరు లేని నా స్పోర్ట్‌కి మిగిలేవి సర్క్యూట్, ఆటోక్రాస్ (మైదానంలో టైముకి నడిపే పోటీ) లాంటి మూసిన చోట్లు మాత్రమే. ర్యాలీలకి మన స్విఫ్టే వెళ్తుంది. 2023 ఫిబ్రవరిలో హైదరాబాద్‌లో హుస్సేన్ సాగర్ పక్కన ఫార్ములా ఈ కార్లు నంబర్లు లేకుండానే తిరిగాయి కదా అని మా కుర్రాళ్లు అడుగుతారు. ఆ రోడ్డును మూసి సర్క్యూట్‌గా మార్చారు, అందుకే కుదిరింది.

మరి రిజిస్ట్రేషన్ ఎందుకు కుదరదు? స్టీరింగ్ కుడివైపే, మీటరు కిలోమీటర్లలోనే ఉంది. అవి చాలవు. వాడిన కారు దిగుమతి చేయాలంటే తయారై మూడేళ్లు దాటకూడదు, ముంబై ఓడరేవు ద్వారానే రావాలి, పుణెలోని ఏఆర్ఏఐ లాంటి వాహన పరీక్షా సంస్థ పరీక్షలో నెగ్గాలి. 2020 ఏప్రిల్ 1 నుంచి బీఎస్-6 కాలుష్య ప్రమాణాలు అందుకోని బండికి కొత్త రిజిస్ట్రేషన్ లేదు. ఈ మోడల్ అంతకు ముందు కాలానిది. పైగా 2025 బడ్జెట్‌కి ముందు వాడిన కారుకి బేసిక్ డ్యూటీయే 125 శాతం. దాని మీద జీఎస్టీ, సెస్ కలిపితే కారు ధర మూడింతలు దాటేది. పోటీ కోసమని రాయితీ మీద వచ్చిన బండి అయితే ఆ షరతును తప్పకూడదు. తప్పితే కస్టమ్స్ చట్టం 111వ సెక్షన్ కింద బండినే స్వాధీనం చేసుకోవచ్చు. రాయితీతో తెచ్చి తర్వాత రోడ్డుకి మార్చుకుందామనే ఆలోచన ఉంటే ఇప్పుడే మానుకోండి.

దుబాయ్‌లో ఉన్న మా పెదనాన్నగారి అబ్బాయి మొన్న ఫోన్ చేసి, "అన్నయ్యా, ఇక్కడ కార్లు చవగ్గా ఉన్నాయి, ఒకటి పంపెయ్యనా?" అన్నాడు. "వద్దురా తమ్ముడూ, అక్కడివి ఎడమ స్టీరింగ్" అన్నాను. గంజాం నుంచి, శ్రీకాకుళం నుంచి గల్ఫ్ వెళ్లిన కుర్రాళ్లలో ఈ ఆశ చాలా ఉంది. అక్కడి ఎడమ స్టీరింగ్ కారుకి ఇక్కడ దారి లేదు. ఆ డబ్బు ఇంటికి పంపమనండి.

మొదటి పోటీ కారు కొనేవాళ్లకి నా సలహా మన స్విఫ్టే. రోజూ నడుస్తుంది, ఏ ఊళ్లోనైనా బాగుపడుతుంది, ఆటోక్రాస్ కూడా ఆడుతుంది. బండిలో మార్పులకి హద్దులు పెట్టే మోటారు వాహనాల చట్టం 52వ సెక్షన్ ఉంది కాబట్టి దానికి ఇష్టమొచ్చినట్టు మార్పులు చేయకండి. ఇన్సూరెన్స్ పాలసీలో రేసింగ్‌కి వర్తించదని ఉంటుంది, అదీ చదవండి. ఎఫ్ఎంఎస్‌సీఐ (మన దేశపు మోటార్ స్పోర్ట్స్ సమాఖ్య) లైసెన్సు తీసుకుని బాగా నడపడం వచ్చాక, సొంత స్థలం, లారీ ఖర్చు భరించే స్తోమత రెండూ ఉంటే స్పోర్ట్ లాంటిది చూడండి. చూసేటప్పుడు ఇంజన్ నంబరు, ఛాసిస్ నంబరు బిల్ ఆఫ్ ఎంట్రీలో ఉన్నవాటితో మీ కళ్లతో మీరే సరిచూసుకోండి. రాయితీ ఉందో లేదో అదే కాగితంలో తెలుస్తుంది, కస్టమ్స్ ఏజెంటుకి చూపిస్తే చదివి చెబుతాడు. కాగితం తర్వాత ఇస్తానంటే అడ్వాన్సు కూడా తర్వాతే ఇవ్వండి.