తూర్పున పడక, పడమట షికారు: పోర్చుగల్ తీరం అల్గార్వ్‌లో ఎనిమిది రోజులు, 470 యూరోలు

జర్మనీలో ఐదు నెలలు ఎండ మొహం చూడకపోతే మనిషి ఏమైపోతాడో మా రూమ్మేట్‌ని చూస్తే తెలుస్తుంది. మార్చి నెలాఖరు. కొలోన్‌లో మా వంటింటి కిటికీ బయట సన్నగా ముసురు. వాడు ఉప్మా కలుపుతూ కలుపుతూ ఆపేసి, "మామా, ఎక్కడికన్నా పోదాం. కొండలొద్దు, మ్యూజియంలొద్దు. చొక్కా విప్పి కూర్చునేంత ఎండుంటే చాలు" అన్నాడు. ఇద్దరివీ మినీ జాబ్ జీతాలే. మనిషికి 400 యూరోలు దాటకూడదని ఆ ఉప్మా గరిట మీదే ఒట్టేసుకున్నాం. చివరికి 470 అయింది. ఆ డెబ్బై ఎక్కడ జారిపోయాయో, ఏ ఊరు పెట్టిన డబ్బుకు తగినదో, ఏది కాదో నా లెక్క ప్రకారం చెప్తాను.

ముందు ఎక్కడికి అన్నదే వారం రోజుల పంచాయితీ. ఇటలీలో అమాల్ఫీ ఫొటోలు చూసి వాడు మనసు పారేసుకున్నాడు. అక్కడ హాస్టళ్లలో ఒక్కో మంచానికి అద్దె చూసి మళ్లీ ఏరుకున్నాడు. ఫ్రాన్స్ రివియేరా పేరు ఎత్తగానే ఇద్దరం నవ్వుకుని వదిలేశాం. స్పెయిన్‌లో మాలగా దగ్గర చాలాసేపు ఆగాం. ఊరు బాగుంది, ఫ్లైట్లున్నాయి. కానీ తీరం వెంట పడమటికి వెళ్లే లోకల్ రైలు ఫుయెంగిరోలాలో ఆగిపోతుంది, తర్వాతంతా బస్సులే. పోర్చుగల్ దక్షిణ తీరం అల్గార్వ్‌లో అలా కాదు. స్పెయిన్ సరిహద్దున ఉన్న విలా రియల్ ద సాంతో అంతోనియో నుంచి లాగోస్ దాకా, సుమారు 140 కిలోమీటర్లు, ఒకటే రైలు మార్గం. భుజాన సంచీ వేసుకుని తిరిగేవాడికి ఇంతకన్నా ఏం కావాలి? అక్కడితో పంచాయితీ తెగింది.

హాస్టళ్లు వెతికే పని వాడికి అప్పజెప్తే, "లాగోస్‌లో ఏసీ రూము పన్నెండు యూరోలే" అని ఎగిరి గంతేశాడు. చూస్తే అది నైజీరియా లాగోస్. ఆ ఊరికి పేరు పెట్టిందీ పోర్చుగీసువాళ్లే కాబట్టి తప్పు పూర్తిగా మావాడిది కాదు.

మాకు జర్మనీ రెసిడెన్స్ కార్డు ఉంది కాబట్టి వీసా గొడవ లేదు. ఇండియా నుంచి వచ్చేవాళ్లకు షెంగెన్ వీసా ఫీజే 90 యూరోలు, దానికితోడు 30,000 యూరోల కవరేజీ ఉన్న ట్రావెల్ ఇన్సూరెన్స్. ప్రయాణానికి ఆరు నెలల ముందు నుంచే అప్లై చేయొచ్చు, ఆఖరి నిమిషం దాకా ఆగొద్దు. నెల విషయానికొస్తే మే, లేకపోతే సెప్టెంబరు చివర. జులై, ఆగస్టుల్లో అవే మంచాలు మేం చూసినప్పుడు దాదాపు రెట్టింపు ధర పలికాయి. మేలో ఒక్కటే చిక్కు: ఎండ మనదే కానీ నీళ్లు మనవి కావు. అది అట్లాంటిక్. మాది చీరాల పక్క, వాడరేవులో పొద్దస్తమానం అలల్లో పడి ఉండేవాణ్ణి. ఇక్కడ మోకాళ్ల దాకా దిగేసరికి నా వీరత్వమంతా అయిపోయింది.

ఫ్లైట్ రానూపోనూ 74 యూరోలకు దొరికింది. ఆ రేటుకు సీటు కింద పట్టే సంచీ ఒక్కటే ఇస్తారు: 40 సెంటీమీటర్లు, 30, 20. ఎనిమిది రోజుల బట్టలు అందులోనే. మూడు టీషర్టులు, ఒక నిక్కరు, ఒంటి మీద జీన్సు. సగం సంచీ తిండికే ఇచ్చాం. అమ్మ పంపిన ఆవకాయ సీసా మాత్రం సెక్యూరిటీలో ఆగిపోయింది. పచ్చడి కూడా వాళ్ల లెక్కలో ద్రవమేనట, వంద మిల్లీలీటర్లు దాటకూడదట. కందిపొడికి, కారప్పొడికి అడ్డు చెప్పలేదు. మీరెళ్తే పొడులే పెట్టుకోండి.

ఫారో ఎయిర్‌పోర్టు నుంచి ఊళ్లోకి సిటీ బస్సుంది, పావుగంట ఇరవై నిమిషాలు. టాక్సీ అక్కర్లేదు. చాలామంది దిగిన గంటలో ఈ ఊరు దాటి వెళ్లిపోతారు, మేం ఒక రాత్రి ఉన్నాం, మంచం 22 యూరోలు. కోట గుమ్మం మీద కొంగల గూళ్లు, కార్మో చర్చి వెనక సన్యాసుల ఎముకలతో, పుర్రెలతో కట్టిన చిన్న గుడిలాంటి గది. గోడల నిండా పుర్రెలే. మావాడు రెండు నిమిషాల్లో బయటికొచ్చి ఐస్‌క్రీం కొనుక్కున్నాడు.

అసలు సంగతి హాస్టల్ కౌంటర్ దగ్గర జరిగింది. అక్కడున్నావిడ తాళం చేతికిస్తూ "షావ్" అంది. హైదరాబాదీ కదా, మావాడు ఠక్కున "చావి!" అన్నాడు. తర్వాత ఆవిడ గోడ మీద రేట్ల కాగితం చూపించింది, అందులో "తువాల్యా, 2 యూరోలు" అని ఉంది. ఈసారి నా వంతు. మా నాయనమ్మ జీవితాంతం తువాలు అంది, టవల్ అనలేదు. పోర్చుగీసు ఓడల్లో మన తీరాలకు దిగిన మాటలు ఐదొందల ఏళ్ల తర్వాత ఇలా కౌంటర్ మీద ఎదురైతే వింతగా ఉంటుంది. తువాలు మాత్రం అద్దెకు తీసుకోలేదు. పల్చటిది ఒకటి వెంట తెచ్చుకోండి, చిన్న తాళం కప్ప కూడా. మేం చూసిన చోటల్లా లాకరు వాళ్లది, తాళం మనది.

అల్గార్వ్‌ను అక్కడివాళ్లు రెండుగా చెప్తారు. తూర్పు సగం సోతావెంతో, అంటే గాలి చాటు. పడమటి సగం బార్లావెంతో, గాలికి ఎదురు. పోస్టర్ల మీద కనపడే బంగారు రంగు కొండ చరియలు, గుహలు అన్నీ పడమటివి. అందుకే జనమంతా అటే, రేట్లూ అటే. మేం మూడు రాత్రులు తూర్పున తవీరాలో పెట్టుకున్నాం. ట్రిప్ మొత్తంలో మేం చేసిన తెలివైన పని అదొక్కటే అనుకుంటాను. స్టేషన్ నుంచి పది పన్నెండు నిమిషాల నడక, మంచం 24 యూరోలు, మంచి వంటిల్లు, పైన డాబా. గిలావ్ నది మీద పాత వంతెన, అడుగుకో చర్చి, సాయంత్రం ఏడింటికి ముసలాళ్లంతా బెంచీల మీద. గట్టిగా అరిచేవాడు ఒక్కడు లేడు.

ఊరు దాటి సముద్రం వైపు నడిస్తే రెండు పక్కలా ఉప్పు మడులు. నేను అక్కడే ఆగిపోయాను. చినగంజాం పక్క రైలు కిటికీలోంచి చూసిన మడులే, అవే తెల్లటి కుప్పలు. తేడా అల్లా మడుల్లో నిలబడ్డ ఫ్లెమింగోలు. ఇంకొంచెం ముందుకు పడవల రేవు. తవీరాకు సముద్రం ఆనుకుని ఉండదు. మధ్యలో రియా ఫొర్మోజా అనే ఉప్పుటేరు, దాని అవతల పొడుగాటి ఇసుక దీవులు. 1987 నుంచి అదంతా ప్రకృతి పార్కు. పడవలో ఐదారు నిమిషాలు, దిగితే కనుచూపు మేర ఇసుక. మేలో వంద అడుగులకు ఒక మనిషి. గొడుగు, కుర్చీ అద్దెకిస్తారు కానీ దండగ, దుప్పటి పరిచేయండి.

ఆదివారం అదే దీవిలో ఇంకో చోటికి, బారిల్ బీచికి వెళ్లాం. చిన్న బొమ్మ రైలు ఉంది, పక్కనే నడిచే బాటా ఉంది, మేం నడిచాం. ఒకప్పుడు అక్కడ ట్యూనా చేపల వేట జోరుగా సాగేది. చేపలు తగ్గిపోయి 1960లలో మూతపడింది. వలలను పట్టి ఉంచిన ఇనుప లంగర్లను ఇసుక దిబ్బ మీద వరసలు వరసలుగా నిలబెట్టారు. తుప్పు పట్టి ఎర్రగా, ఒక్కోటి మనిషి నడుం ఎత్తు. టికెట్టు లేదు, గైడు లేడు. అల్గార్వ్‌లో నాకు బాగా గుర్తుండిపోయింది అదే.

తిండి దగ్గర మొదటి దెబ్బ తవీరాలోనే తగిలింది. హోటల్లో కూర్చోగానే అడక్కుండానే బ్రెడ్డు, ఆలివ్‌లు, వెల్లుల్లి వేసిన క్యారెట్ ముక్కలు, సార్డీన్ పేస్టు తెచ్చి పెట్టారు. ఆహా, ఏం మర్యాద అనుకుని గిన్నెలు నాకేశాం. బిల్లులో "కువేర్" అని 5 యూరోల 60 సెంట్లు. తప్పు వాళ్లది కాదు, అక్కడి పద్ధతే అది. వద్దంటే నవ్వుతూ తీసుకెళ్లిపోతారు, ముట్టుకుంటే లెక్కేస్తారు. మర్నాటి నుంచి కుర్చీ లాక్కునే లోపే "నావ్, ఒబ్రిగాదు" అనడం మొదలెట్టాం. మధ్యాహ్నం "ప్రాతు దు దియా" (ఆ రోజు వంటకం) అని బోర్డున్న చోట తినండి: సూపు, ఒక ప్లేటు, ఒక్కోసారి కాఫీతో కలిపి 10, 12 యూరోలు. చేపతో పాటు అన్నం కూడా పెడతారు, అది చూసి మావాడి కళ్లల్లో నీళ్లు. రాత్రికి సూపర్ మార్కెట్లో బియ్యం, గుడ్లు, టమాటాలు కొని హాస్టల్లో వండుకున్నాం. కుళాయి నీళ్లే తాగాం. ఇంత చేసినా తిండికి 97 అనుకున్నది 125 అయింది.

శనివారం తవీరా నుంచి రైల్లో ఒల్యావ్ వెళ్లాం. ఏటి ఒడ్డున రెండు ఎర్ర ఇటుకల మార్కెట్లు, ఒకటి నిండా చేపలే. శనివారం బయట రైతులు కూడా వస్తారు. ఇక్కడే చిక్కొచ్చింది: మావాడు శనివారం నీచు ముట్టడు. కళ్ల ముందు అంత చేప పెట్టుకుని వాడు ఎండు అత్తిపళ్లు, బాదం, చింతకాయలాగా నల్లగా ఉండే కారబ్ కాయలు కొనుక్కున్నాడు. ఒకావిడ పండు కోసి చేతిలో పెట్టి "అననాష్" అంది. "అనాస అనండీ" అన్నాను తెలుగులోనే. ఆవిడకు అర్థమైనట్టే ఉంది. తర్వాత ఒకచోట వాడు మాంసం లేదు కదా అని ఆకుకూర సూపు చెప్పాడు, కాల్దు వెర్ద్. పచ్చగా, కమ్మగా వచ్చింది, అడుగున గుండ్రంగా ఒక సాసేజి ముక్క. అక్కడ ఆ సూపు అలాగే చేస్తారు. శాకాహారులు "సెం కార్న్, సెం పైష్" (మాంసం వద్దు, చేప వద్దు) అని, "సెం షోరీసు" (సాసేజి వద్దు) అని కూడా చెప్పాలి. ఆ గిన్నె నేను తాగాను, వాడికి ఇంకోటి కొన్నాను. రేవు నుంచి కులాత్రా దీవికి పడవ అరగంట. అక్కడ కార్లు లేవు, జాలరుల ఇళ్లు, ఇసుకలో బాటలు. తోచకపోతే ఒక పూట సరిపోతుంది.

సోమవారం పడమటికి. దారిలో అల్బుఫెయిరా దిగుదామా అంటే నేనే వద్దన్నాను. స్టేషన్ ఊరికి ఆరు కిలోమీటర్ల దూరంలో ఫెరెయిరాస్‌లో ఉంటుంది, ఊళ్లో చూస్తే బార్లు, రిసార్టులు. పార్టీ కావాల్సినవాళ్లు దిగండి. లూలే స్టేషనూ అంతే, ఊరికి దూరం. సిల్వెష్ స్టేషన్ నుంచి రెండు కిలోమీటర్లు నడిస్తే ఎర్ర రాతి కోట ఉంది. చౌకగా మంచం దొరికింది కదా అని బుక్ చేసే ముందు స్టేషన్ నుంచి ఎంత నడకో మ్యాపులో చూసుకోండి. ఐదు యూరోలు మిగిలించి పదిహేను టాక్సీకి పోసినవాళ్లను రెండు చోట్ల చూశాం.

లాగోస్ అందమైన ఊరే, కాదనను. కానీ మా హాస్టల్ కింద బారు, తెల్లవారుజామున మూడింటి దాకా పాటలు, 26 యూరోల చొప్పున రెండు రాత్రుల్లో మొత్తం ఏడు గంటలు నిద్రపోయి ఉంటాం. చాలా ఊళ్లలో టూరిస్టు పన్ను కూడా వేస్తారు, సీజన్లో రాత్రికి రెండు యూరోల దాకా, బుకింగ్ ధరలో కలవదు, కౌంటర్లో అడుగుతారు. మాకు మొత్తం పదైంది. ఊరి మధ్య చిన్న మ్యూజియం ఒకటుంది, బానిసల సంత జరిగిన చోట. 1444లో ఆఫ్రికా నుంచి 235 మందిని తెచ్చి ఇక్కడే ఒడ్డున దింపి పంచుకున్నారు. బయట ఎండలో ఐస్‌క్రీం క్యూ, లోపల ఆ కథ. మ్యూజియంలొద్దన్నవాడే గంట సేపు బయటికి రాలేదు.

మంగళవారం మరీన్యా బీచి నుంచి సెంతియానిష్ దాకా కొండ అంచున నడక, "ఏడు వేలాడే లోయలు" అంటారు, ఒకవైపు ఆరు కిలోమీటర్లు. నీడ లేదు, చెరో రెండు లీటర్ల నీళ్లు పెట్టుకోండి. అటువైపు బస్సులు తక్కువ కాబట్టి హాస్టల్లో పరిచయమైన ఇద్దరితో టాక్సీ పంచుకున్నాం, మా వాటా మనిషికి పన్నెండు. పేరుమోసిన బెనాజిల్ గుహ దారిలోనే ఉంది. పైనుంచి కన్నం చూడొచ్చు. లోపలికి ఈదుకుంటూ వెళ్లడం, ఇసుక మీద దిగడం ఇప్పుడు నిషేధం. పాత వీడియోలు చూసి ఆశపడొద్దు.

బుధవారం పొద్దున లాగోస్ పక్కనే పొంత ద పియదాద్ రాళ్ల మధ్య కయాక్ (తెడ్డేసుకునే చిన్న పడవ), 30 యూరోలు. బడ్జెట్‌లో లేదు. మోటారు బోటు ఇంకా చౌక, కానీ పెద్దవి గుహ గుమ్మం దగ్గరే ఆగుతాయి. కయాక్ లోపలికి దూరుతుంది. నీళ్ల పచ్చదనం పైకప్పు మీద కదులుతుంటే మావాడు తెడ్డు వదిలేశాడు. ఈ ముప్పై, ఆ పన్నెండు, తిండిలో పెరిగిన ఇరవై ఎనిమిది: జారిపోయిన డెబ్బై ఇదే.

మధ్యాహ్నం సాగ్రెస్ బస్సు, గంట. మంచం 28, ట్రిప్‌లో అన్నిటికన్నా ఖరీదు, అన్నిటికన్నా నిశ్శబ్దం. గాలి మాత్రం నిలబడనివ్వదు. సాయంత్రం సూర్యాస్తమయానికి సావ్ విసెంత్ అగ్రానికి నడిచాం, ఆరు కిలోమీటర్లు, యూరప్ నేల నైరుతి కొస. లైట్‌హౌస్ ముందు ఒక బండి, "అమెరికాకు ముందు ఆఖరి సాసేజి" అని జర్మన్‌లో బోర్డు. ఇంత దూరం పారిపోయి వచ్చినా జర్మనీ వదల్లేదు. ఎనిమిదిన్నరకు సూర్యుడు నీళ్లలో దిగాడు, అందరూ చప్పట్లు కొట్టారు, పది నిమిషాల్లో కార్లన్నీ వెళ్లిపోయాయి. అప్పుడు గుర్తొచ్చింది, తిరిగి వెళ్లడానికి బస్సు లేదని. వచ్చేటప్పుడే చూసుకోవాల్సింది. చీకట్లో, ఎదురుగాలిలో, ఫోన్ లైటు వేసుకుని నడక మొదలెట్టాం. రెండు కిలోమీటర్లు నడిచాక పాత వ్యాను ఒకటి ఆగింది. వెనక సీటు నిండా సర్ఫింగ్ బోర్డులు, తడి కుక్క. నడిపే పెద్దాయన కాళ్ల దగ్గర నీళ్ల బకెట్టు కదిలి పొర్లుతుంటే, పట్టుకోమని మావాడికి సైగ చేస్తూ "బాల్ద్, బాల్ద్!" అన్నాడు.

"బాల్చీ మామా, బాల్చీ పట్టుకో" అన్నాను నేను.