క్లోరల్ పాలిమర్: ముడి చివర వేస్తే మేలా, మధ్యమధ్యలో వేస్తే మేలా?

ఇంట్లో ముత్యాల దండ ఉంటే ఒకసారి దగ్గరగా చూడండి. మంచి పనివాడు గుచ్చిన హైదరాబాదీ దండలో ముత్యానికీ ముత్యానికీ మధ్య చిన్న ముడి ఉంటుంది. దారం తెగితే ఒకటో రెండో జారతాయి, మిగతావి నిలుస్తాయి. కొక్కెం దగ్గర మాత్రమే ముడి ఉన్న దండ తెగిందంటే అన్నీ నేలపాలే. పాలిమర్ అంటే చిన్న అణువులు దండలా గుచ్చుకున్న పొడవాటి గొలుసు. క్లోరల్ అనే రసాయనం పాలిమర్‌తో (పాలిక్లోరల్‌తో) పనిచేసినవాళ్లకు ఎదురైన చిక్కు కూడా ఇదే.

ఎసిటాల్డిహైడ్‌లోని మిథైల్ గుంపులో మూడు హైడ్రోజన్ల స్థానంలో క్లోరిన్లు చేరితే క్లోరల్. దీన్ని 1832లో జర్మన్ రసాయన శాస్త్రవేత్త లీబిగ్ తయారుచేశాడు. దీని పాలిమర్‌ను డ్యూపాంట్ అనే అమెరికన్ రసాయన కంపెనీలోనూ, తర్వాత మసాచుసెట్స్ విశ్వవిద్యాలయంలోనూ ఒట్టో వోగల్ అనే రసాయన శాస్త్రవేత్త లోతుగా పరిశోధించాడు. దాన్ని తయారుచేసే పద్ధతి నాకు భలే ఇష్టం. సుమారు 58 డిగ్రీల పైన క్లోరల్ అసలు గొలుసు కట్టదు. అందుకని వెచ్చగా ఉన్నప్పుడే ఇనీషియేటర్ (గొలుసు కట్టడం మొదలుపెట్టించే మందు) కలిపి, అచ్చులో పోసి, చల్లబరుస్తారు. అచ్చు ఏ ఆకారంలో ఉంటే ముక్క ఆ ఆకారంలోనే గట్టిపడుతుంది. ఆ తర్వాత అది ఏ ద్రావణిలోనూ కరగదు. వేడి చేస్తే మెత్తబడి కారే బదులు, చివరి నుంచి ఒక్కో క్లోరల్ ఊడి ఆవిరైపోతుంది.

దీన్ని ఆపడానికి ఒక దారి, గొలుసు చివర మూసేయడం. ఫార్మాల్డిహైడ్ పాలిమర్‌లో ఇది బాగానే పనిచేసింది. ఆ పాలిమర్‌తో చేసి 1960లో మార్కెట్లోకి వచ్చిన డెల్రిన్ అనే ప్లాస్టిక్‌కు చివర్లు అలా మూసినవే. రెండేళ్ల తర్వాత వచ్చిన అలాంటి ప్లాస్టిక్ సెల్‌కాన్ రెండో దారి పట్టి, గొలుసు మధ్యమధ్యలో ముడుల్లా వేరే యూనిట్లు చేర్చుకుంది. డెల్రిన్ దాదాపు 175 డిగ్రీల దగ్గర, సెల్‌కాన్ 165 దగ్గర కరుగుతాయి. గట్టిదనం డెల్రిన్‌ది, వేడికీ క్షారాలకూ ఓర్చుకునే గుణం సెల్‌కాన్‌ది. రెండూ ఇప్పటికీ అమ్ముడవుతున్నాయి.

క్లోరల్ దగ్గర మాత్రం నా ఓటు మధ్య ముడులకే. కారణం ఒకటే. కరగని ముక్కకు చివర్లు మూయాలంటే మూసే మందు లోపలి దాకా ఇంకాలి. పలుచటి పొర అయితే ఫర్వాలేదు, మందమైన ముక్క నడిమధ్యకు అది ఎలా చేరుతుంది? గొలుసు మధ్యలో ముడిలా చేరే ఫినైల్ ఐసోసైనేట్ అనే రసాయనాన్ని ముందే క్లోరల్‌లో కలిపితే ఆ బెంగ ఉండదు. గొలుసు పెరుగుతూ ఉండగానే క్లోరల్ చివరి ఆక్సిజన్ ఐసోసైనేట్ కార్బన్‌ను పట్టుకుంటుంది, ఆ నైట్రోజన్ మళ్లీ ఇంకో క్లోరల్‌ను అందుకుంటుంది. మధ్యలో యూరిథేన్ బంధం పడుతుంది. ఊడుతూ వచ్చే గొలుసు ఆ బంధం దగ్గర ఆగుతుంది.

అయితే దీనికీ ఇబ్బందులున్నాయి. ఐసోసైనేట్ ఎక్కువైతే గొలుసుల అమరిక చెదిరి పాలిక్లోరల్ సహజ గుణం పలచబడుతుంది. క్షార ఇనీషియేటర్లు ఐసోసైనేట్లను మూడేసి కలిపి ఉంగరాలుగా కూడా మార్చేస్తాయి. తడి అయితే క్లోరల్‌కూ ఐసోసైనేట్‌కూ శత్రువే. నీరు తగిలితే క్లోరల్ కాస్తా క్లోరల్ హైడ్రేట్ అవుతుంది. తెలంగాణలో కల్తీ కల్లులో కలిపే మత్తుమందు అదే. ఐసోసైనేట్‌కు నీరు తగిలితే కార్బన్ డయాక్సైడ్ పుట్టి ముక్క నిండా బుడగలు పడతాయి. ఆవిరి సంగతి చెప్పనక్కర్లేదు. 1984 డిసెంబర్‌లో భోపాల్‌ను చంపింది ఈ కుటుంబంలోని మిథైల్ ఐసోసైనేటే. అది 39 డిగ్రీలకే మరుగుతుంది. ఫినైల్‌ది 160 పైమాటే అయినా, ఫ్యూమ్ హుడ్ (ల్యాబ్‌లో విషవాయువులను బయటికి లాగేసే గది) బయట దాని సీసా మూత తీయకూడదు.

పలుచటి పొర కావాలంటే చివర్లు మూసిన పాలిక్లోరల్ తీసుకోండి. అచ్చులో పోసిన మందపాటి ముక్క వేడికి నిలవాలంటే కొద్దిపాటి ఐసోసైనేట్ కలిపినదే తీసుకోండి.