స్కోడా ఫాబియా ఆర్‌ఎస్ ర్యాలీ2: 32 మిల్లీమీటర్ల రంధ్రం వెనకున్న కారు

ర్యాలీ2 అంటే అంతర్జాతీయ మోటార్ క్రీడల సంస్థ ఎఫ్‌ఐఏ నిబంధనలతో, టీములకు అమ్మడానికి తయారయ్యే ర్యాలీ కార్ల తరగతి. ఈ కారు కొనే టీములు మొట్టమొదట అడిగేది హార్స్‌పవర్ ఎంతని. ఈ తరగతిలో ఆ ప్రశ్నతో ఏమీ తేలదు. స్కోడా అయినా, టయోటా అయినా, హ్యుందయ్, ఫోర్డ్, సిట్రోయెన్ అయినా అంకె 290 దగ్గర్లోనే ఆగుతుంది. ఫాబియా ఆర్‌ఎస్‌కు స్కోడా చెప్పే లెక్క 289 పీఎస్ (మెట్రిక్ హార్స్‌పవర్), 430 న్యూటన్ మీటర్ల టార్క్ (తిప్పే బలం). ఇంజన్ 1.6 లీటర్ల టర్బో. 2022లో వచ్చిన ఈ కారును తూచాల్సింది బలంతో కాదు. పవర్‌ను కట్టేసిన రూలు పుస్తకంలో మిగిలిన కాస్త చోటును ఎలా వాడుకుందో చూడాలి. ఆ చోటును చాలా తెలివిగా వాడుకుంది, రెండు మూడు షరతులు తప్ప.

పవర్‌ను ఆపేది టర్బో ముందుండే రిస్ట్రిక్టర్, అంటే ఇంజన్‌కు గాలి వెళ్లే దారిని ఇరుకు చేసే గొట్టం. లోపలి వ్యాసం 32 మిల్లీమీటర్లు మించకూడదు, కంప్రెసర్ బ్లేడ్ల కొసకు 50 మిల్లీమీటర్ల లోపే ఉండాలి. ఆ సన్నని చోట గాలి ధ్వని వేగాన్ని అందుకున్నాక టర్బో ఎంత గట్టిగా లాగినా లోపలికి వెళ్లే గాలి పెరగదు. అందుకే ఆర్‌పీఎం పైకి తోసుకుంటూ పోవడం ఇంధనం, సమయం రెండూ దండగే. సామాన్య కారు అలవాటుతో రెడ్‌లైన్ దాకా లాగే డ్రైవరు ఫాబియాలో నష్టపోతాడు. టార్క్ మధ్య ఆర్‌పీఎంలో ఉంటుంది, గేరు ముందే మార్చాలి. దీనికి తోడు టర్బో ఒత్తిడి 2.5 బార్ అబ్సల్యూట్ దాటకుండా పాప్-ఆఫ్ వాల్వ్ ఒకటి. ఇంజన్ కంప్యూటర్ సెట్టింగ్ (మ్యాప్) అత్యాశగా ఉంటే ఆ వాల్వ్ తెరుచుకుంటుంది, కారు ఒక్కసారిగా నీరసపడుతుంది. ఇంజన్ చెడిందని డ్రైవరు గోల పెట్టే సందర్భాల్లో కొన్ని ఇలాంటివే.

ఎత్తు ప్రదేశాల్లో ఈ రంధ్రం ఇంకా కఠినం. మెక్సికో ర్యాలీ స్టేజీలు (సమయం లెక్కగట్టే రోడ్డు భాగాలు) కొన్ని 2,700 మీటర్ల ఎత్తుకు పోయేవి. అక్కడ బయటి గాలి ఒత్తిడి సముద్రమట్టంలో ఉన్నదానికి దాదాపు నాలుగింట మూడు వంతులే. రిస్ట్రిక్టర్ గుండా వెళ్లే గాలీ అదే నిష్పత్తిలో తగ్గుతుంది కాబట్టి పవర్‌లో నాలుగో వంతు పోతుంది. అందరికీ సమానంగానే పోతుంది. గేరింగ్ లెక్క వేసుకోని టీముకు మాత్రం కాస్త ఎక్కువ పోతుంది.

స్క్రూటినీలో (అధికారుల సాంకేతిక తనిఖీలో) రిస్ట్రిక్టర్‌ను మూసేసి చూస్తారు. మూయగానే ఇంజన్ ఆగిపోవాలి. ఆగకపోతే ఎక్కడి నుంచో దొంగగాలి వస్తోందనే అర్థం. ఇందులో మోసమే ఉండనక్కర్లేదు. వేడెక్కి చల్లారుతూ రిస్ట్రిక్టర్‌కు, కంప్రెసర్ హౌసింగ్‌కు మధ్య సీలు వదులైనా, ఓ-రింగ్ గట్టిపడి పగిలినా ఇదే ఫలితం. ర్యాలీకి బయల్దేరే ముందు గరాజ్‌లోనే రబ్బరు బిరడాతో మూసి చూసుకుంటే డిస్‌క్వాలిఫికేషన్ తప్పుతుంది. అధికారిక సీలు పడ్డాక టర్బో మీద ఎవరూ స్పానర్ పెట్టకూడదు.

ఇక ట్రాన్స్‌మిషన్. అసలు మెచ్చుకోవాల్సింది ఇక్కడే. గేర్‌బాక్స్ అయిదు గేర్ల సీక్వెన్షియల్, మార్చేది చేతి లివర్‌తో. ర్యాలీ2లో స్టీరింగ్ వెనక గేరు మార్చే ప్యాడిళ్లు లేవు, ముందు వెనక ఇరుసుల వేగం తేడాను సర్దే సెంటర్ డిఫరెన్షియల్ లేదు, ముందు, వెనక డిఫరెన్షియళ్లు రెండూ మెకానికల్. ఎలక్ట్రానిక్స్‌తో ట్రాక్షన్ సరిదిద్దే దారి లేదు కాబట్టి డిఫరెన్షియల్ (డిఫ్) లోపలి ర్యాంపుల కోణం, ప్రీలోడ్ (ముందే పెట్టే బిగింపు), ఘర్షణ పలకల సంఖ్య, ఈ మూడింటితోనే కారు స్వభావం తేలాలి. ముందు డిఫ్‌కు ప్రీలోడ్ ఎక్కువ పెడితే గ్యాస్ ఇచ్చినప్పుడు కారు మలుపులోంచి బయటికి గుంజుకుపోతుంది. తగ్గిస్తే తడి రోడ్డు మీద లోపలి చక్రం ఊరికే తిరుగుతుంది. కొత్త టీములు స్ప్రింగులతో గంటలు గంటలు కుస్తీ పట్టి, డిఫ్‌ను మాత్రం ఫ్యాక్టరీ సెట్టింగ్‌లోనే వదిలేస్తాయి. చేయాల్సింది దానికి తలకిందులు.

ముందు వెనక ఇరుసులు నేరుగా ముడిపడి ఉండటం వల్ల హ్యాండ్‌బ్రేక్ లాగినప్పుడు వెనక డ్రైవ్ విడిపోయే ఏర్పాటు ఉంటుంది. హెయిర్‌పిన్ మలుపులో కారు తిరిగేది దానివల్లే. హైడ్రాలిక్ లైనులో గాలి చేరితే డ్రైవ్ పూర్తిగా విడిపోదు, ఇంజన్ ఆగిపోతుంది, లేదంటే ఆ దెబ్బంతా వెనక డిఫ్, డ్రైవ్‌షాఫ్టుల మీద పడుతుంది. ప్రతి సర్వీసులోనూ ఆ లివర్ పట్టు ఎక్కడ మొదలవుతోందో చూడాలి. అరిగిన టైర్లు ముందు, కొత్తవి వెనక వేస్తే చుట్టుకొలతల తేడా వల్ల ట్రాన్స్‌మిషన్ తనలో తానే మెలిపడి వేడెక్కుతుంది. స్పేర్ చక్రం వేసుకుని స్టేజీ మధ్యలో సాగేటప్పుడు తప్పదు, సర్వీసుకు వచ్చాక కూడా అలాగే పంపడం మాత్రం నిర్లక్ష్యం.

సస్పెన్షన్ నాలుగు మూలలా మాక్‌ఫర్సన్ (స్ప్రింగు, డ్యాంపర్ ఒకే కాలులో ఉండే రకం). అది రూలు, ఎంపిక కాదు. గ్రావెల్‌కు (మట్టి, కంకర రోడ్డుకు) 15 అంగుళాల చక్రాలు, 300 మిల్లీమీటర్ల బ్రేకు డిస్కులు. టార్మాక్‌కు (తారు రోడ్డుకు) 18 అంగుళాలు, 355 మిల్లీమీటర్లు. కొటేషన్ చూసేవాళ్లు ఆగి చదవాల్సిన చోటు ఇదే. ఒక ఉపరితలం నుంచి ఇంకోదానికి మారాలంటే చక్రాలు మారిస్తే సరిపోదు. డిస్కులు, క్యాలిపర్ బ్రాకెట్లు, డ్యాంపర్లు, స్ప్రింగులు అన్నీ మారతాయి. కారు ధరలో ఒక్క సెట్టే ఉంటే రెండోదాని ఖర్చు ముందే లెక్కలో వేసుకోవాలి.

బరువు దగ్గర ఫాబియాకు ప్రత్యేక లాభమేమీ లేదు. కనీస బరువు 1,230 కిలోలు, ఒక స్పేర్ చక్రంతో కలిపి. రెండు స్పేర్లు మోస్తుంటే ఒకటి దించి తూస్తారు. డ్రైవర్, కో-డ్రైవర్ వాళ్ల సరంజామాతో సహా కనీసం 1,390. అంటే సన్నపాటి జంటకు రూలు ఏ లాభమూ మిగల్చదు. బ్యాలస్ట్ (బరువు పెంచే దిమ్మ) పెట్టాల్సి వస్తే బోల్టులతో బిగించి, సీలు వేయడానికి వీలుగా ఉండాలి. ఊగిపోతున్న బ్యాలస్ట్ పట్టుబడితే వాదించి లాభం లేదు.

ఇదంతా తరగతుల నిచ్చెనలో ఎక్కడ కూర్చుంటుందో చూస్తేనే డబ్బు విలువ తెలుస్తుంది. ర్యాలీ2కు నిబంధన లక్ష్యం హార్స్‌పవర్‌కు 4.2 కిలోలు; అంకె తగ్గేకొద్దీ కారు చురుకు. కింద ర్యాలీ3కి 5.6, ర్యాలీ4కు 5.1, ర్యాలీ5కు 6.4. ర్యాలీ4 కాగితం మీద ర్యాలీ3 కంటే చురుకు, కానీ రెండు చక్రాల డ్రైవ్. ర్యాలీ3 మాత్రం నాలుగు చక్రాలది. జారే మట్టి మీద కాగితపు నిష్పత్తి ఎందుకూ కొరగాదు. కొత్త డ్రైవరు నేరుగా ఫాబియా కొనడం తొందరపాటే. ర్యాలీ3లో ఒక సీజన్ నడిపితే నాలుగు చక్రాల కారును గ్యాస్‌తో తిప్పడం చాలా తక్కువ ఖర్చులో వస్తుంది.

పైన ర్యాలీ1 ఉంది. 2022 నుంచి 2024 వరకు 100 కిలోవాట్ల హైబ్రిడ్ యూనిట్‌తో నడిచి, 2025లో అది తీసేశాక 1,180 కిలోలకు, 35 మిల్లీమీటర్ల రిస్ట్రిక్టర్‌కు మారింది. 2027 నుంచి అక్కడా ర్యాలీ2 భాగాలు వాడుకునేలా, కారు ఖర్చుకు 3,45,000 యూరోల పరిమితితో కొత్త నిబంధనలు వస్తున్నాయి. పై తరగతే కింది తరగతి అలమారాలోంచి సామాను తెచ్చుకుంటోందంటే ర్యాలీ2 పుస్తకం ఎంత బాగా కుదిరిందో వేరే చెప్పాలా?

పోటీ మాత్రం సులువు కాదు. ఈ కారుతో 2023 డబ్ల్యూఆర్‌సీ2 (ప్రపంచ ర్యాలీలో ర్యాలీ2 కార్ల చాంపియన్‌షిప్) టైటిల్ ఆండ్రియాస్ మికెల్సన్ గెలిచాడు. ఆ తర్వాత 2024లో సామి పయారి, 2025లో ఆలివర్ సోల్‌బర్గ్ టయోటా జీఆర్ యారిస్ ర్యాలీ2తో గెలిచారు. టైటిలే లక్ష్యమైతే రెండింటినీ ఒకే రోడ్డు మీద నడిపి చూశాకే సంతకం పెట్టాలి. జాతీయ స్థాయిలో నడిపేవాళ్లకు నా ఓటు ఫాబియాకే. 2015 నుంచి ఈ వంశం కార్లు కస్టమర్ల చేతుల్లో ఉన్నాయి, వాటిని విప్పి బిగించిన మెకానిక్‌లూ ఎక్కువే.

సెకండ్‌హ్యాండ్‌కు వెళ్తే మెరుపు చూడకుండా తేదీలు చూడాలి. ఎఫ్‌ఐఏ 8862-2009 ప్రమాణపు సీటుకు ఆయుష్షు పదేళ్లు. ఎఫ్‌టీ3 ప్రమాణపు ఇంధన ట్యాంకుకు అయిదేళ్లు. బెల్టుల మీద ఏ ఏడాది తర్వాత చెల్లవో కుట్టి ఉంటుంది. రోల్‌కేజ్ (కారు పల్టీ కొడితే లోపలివాళ్లను కాపాడే చట్రం) గొట్టాల్లో ఎక్కడైనా వంపు, కొత్త వెల్డింగ్, పెయింట్ తేడా కనిపిస్తే తయారీదారు చేసిన మరమ్మతేనని రుజువు చేసే కాగితం అడగాలి. హోమోలొగేట్ అయిన (అధికారిక ఆమోదం పొందిన) కేజ్‌ను బయటి వర్క్‌షాప్ ముట్టుకుంటే ఆ ధ్రువీకరణ పోతుంది. టెక్నికల్ పాస్‌పోర్ట్‌లోని (కారు అధికారిక రికార్డు పుస్తకంలోని) షాసీ నంబరు, కేజ్ మీది ప్లేటు రెండూ కలవకపోతే ఎంత తక్కువకు ఇచ్చినా ఆ కారు వద్దు.