హాంకాంగ్‌లో మాడు కోసం రెండోసారి వెళ్లిన హోటల్

డిసెంబరులో అమ్మానాన్నలతో హాంకాంగ్ వెళ్లాం. కౌలూన్‌లో జోర్డాన్ స్టేషన్ దగ్గర బస. ఎయిర్‌పోర్టులో ఏ21 బస్సు ఎక్కితే ఆ స్టేషన్ ఉన్న నేథన్ రోడ్డు మీదే దిగొచ్చు. సామాన్లకు అరలు కూడా ఉంటాయి కాబట్టి పెద్దవాళ్లతో వెళ్లేవాళ్లకి హాయి. గది మాత్రం మరీ ఇరుకు, రెండు సూట్‌కేసులు ఒకేసారి తెరవలేకపోయాం. ఫోటోలు నమ్మకుండా చదరపు అడుగులు చూసి బుక్ చేసుకోండి.

అక్కణ్ణుంచి రాత్రి బజారు జరిగే టెంపుల్ స్ట్రీట్‌కి నడిచే వెళ్లొచ్చు. ఆ పక్క సందులోనే ఒక కుటుంబం నడుపుకునే చిన్న కాంటనీస్ (దక్షిణ చైనా వంటల) హోటల్ దొరికింది. తండ్రి పొయ్యిల దగ్గర, తల్లి ఆకుకూర కడుగుతూ, కాలేజీ వయసు కూతురు ఆర్డర్లు రాసుకుంటూ. అక్కడ ఖాళీ బల్ల కోసం ఎదురుచూసే పద్ధతి లేదు. ఎక్కడ కుర్చీలుంటే అక్కడ కూర్చోబెట్టేస్తారు. ఎదురుగా ముక్కూమొహం తెలియనివాళ్లు తింటుంటే అమ్మ మొదట మొహమాటపడింది. వాళ్లలో ఒక పెద్దావిడే గిన్నెలూ చాప్‌స్టిక్‌లూ వేడి టీతో ఎలా కడుక్కోవాలో చేసి చూపించింది.

మేం తిన్నది బో జై ఫాన్, అంటే మట్టికుండ అన్నం. చలికాలంలో అక్కడివాళ్లకి ఇది చాలా ఇష్టం. ఎక్కువమంది పంది మాంసం సాసేజ్ వేసింది తింటారు. మావాళ్లు పంది, గొడ్డు మాంసం ముట్టరు. ఆ మాట చెప్పగానే ఆ అమ్మాయి కోడి, పుట్టగొడుగులు వేసింది చూపించింది. పంది కొవ్వు కూడా వద్దన్నాం. తండ్రిని అడిగొచ్చి, నూనెతోనే చేస్తారని చెప్పింది.

బియ్యం దగ్గర్నుంచి ఏ కుండకా కుండే వండుతారు. మాకు దాదాపు అరగంట పట్టింది. పగలకుండా చుట్టూ తీగ బిగించిన కుండలవి. ఆయన వాటిని పక్కకి వంచి తిప్పుతూ మంట అన్నివైపులా తగలనిస్తున్నాడు. బల్ల మీదకొచ్చాక తియ్యటి సోయా సాస్ పోసి నిమిషం మూతపెట్టమన్నారు. మూత తియ్యగానే అల్లం వాసన. కోడిముక్క మెత్తగా ఉంది, కారం అసలు లేదు. మన దగ్గర చైనీస్ అంటే మంచూరియాలు, ఎర్రటి సాసులు కదా! ఇక్కడ అన్నం రుచి అన్నానికుంది, కోడి రుచి కోడికుంది.

అడుగున బంగారు రంగులో కరకరలాడే మాడు! నాన్న చెంచాతో గోకి గోకి తిన్నారు. వాళ్లమ్మ ఇత్తడి గిన్నె అడుగు గోకి నెయ్యీ ఉప్పూ వేసి పెట్టేదట. ఆ రాత్రి గదికొచ్చాక కూడా నాన్నమ్మ కబుర్లే. మర్నాడు వేరే పెద్ద రెస్టారెంటుకి అనుకున్నది మానేసి మళ్లీ అక్కడికే వెళ్లాం.

కుండ ఒక్కోటి సుమారు 90 హాంకాంగ్ డాలర్లు, ఇద్దరికి చాలదు. కార్డు తీసుకోలేదు, నోట్లు ఉంచుకోండి. టిష్యూలు మీరే తీసుకెళ్లాలి. పలకరింపులు, మర్యాదలు ఆశించొద్దు, వాళ్లకి తీరిక ఉండదు. పూర్తి శాకాహారులకు నేను చెప్పను. చోయ్‌సమ్ ఆకుకూర మీద కూడా సముద్రపు గుల్లలతో చేసే ఆయిస్టర్ సాస్ పోస్తారు. అలాంటివాళ్లు బౌద్ధుల శాకాహార హోటళ్లు వెతుక్కోవడం మేలు. వెళ్లేవాళ్లు సాయంత్రం ఏడు లోపే వెళ్లండి. మేం రెండో రోజు ఎనిమిదింటికి వెళ్తే వరస సందు మలుపు దాకా ఉంది.