బొటనవేలి మంటకు ఏది మేలు? గౌట్ మందులు, ఐసు, పథ్యం పక్కపక్కన పెట్టి చూస్తే

"కోల్చిసిన్ మంచిదా, అల్లోప్యూరినాల్ మంచిదా?" గౌట్ (రక్తంలో యూరిక్ యాసిడ్ పెరిగి, దాని పలుకులు కీళ్లలో చేరి మంట, వాపు తెచ్చే జబ్బు) ఉన్నవాళ్లు తరచూ అడిగే ప్రశ్న ఇది. అసలు ఈ రెండిటికీ పోటీయే లేదు. ఒకటి అంటుకున్న మంటను ఆర్పేది, రెండోది మళ్లీ అంటుకోకుండా చూసేది. పోల్చి చూసుకోవాల్సినవి వేరే ఉన్నాయి. మంట ఆర్పే మందులు మూడు రకాలు, వాటిలో మీ ఒంటికి సరిపడేది ఏది? యూరిక్ యాసిడ్ దించే మందుల్లో ముఖ్యమైనవి రెండు, వాటిలో ముందు ఏది? విజయవాడ సూర్యారావుపేటలో చూపించుకున్నా, గుంటూరు కొత్తపేటలో చూపించుకున్నా డాక్టరు ముందు కూర్చునేది కాసేపే. ఈ సంగతులు తెలుసుకుని వెళితే ఆ కాసేపూ అక్కరకొస్తుంది.

ముందు, అది గౌటేనా?

రాత్రి బాగానే పడుకున్న మనిషికి తెల్లవారుజామున మెలకువ వస్తుంది. బొటనవేలు పాదంతో కలిసే చోట కీలు ఎర్రగా ఉబ్బి, చర్మం బిగుసుకుని నున్నగా మెరుస్తుంటుంది. దుప్పటి అంచు తగిలితే చాలు, ప్రాణం విలవిల్లాడుతుంది. మొదటిసారి వచ్చేవాళ్లలో సగానికి పైగా ఈ కీలులోనే వస్తుంది. నొప్పి 12 నుంచి 24 గంటల్లో తారస్థాయికి చేరి, ఏ మందూ వేయకపోయినా వారం, రెండు వారాల్లో దానంతటదే దిగిపోతుంది. మనల్ని మోసం చేసేది ఈ దిగిపోవడమే. ఆఖర్న ఏ పసరు రాసుకుంటే దానికే పేరొస్తుంది.

నొప్పి మడమలో ఉండి, పొద్దున మంచం దిగి మొదటి అడుగు వేయగానే మేకు దిగినట్టు పోటెత్తి, కాసేపు నడిచాక సర్దుకుంటుంటే అది గౌట్ కాకపోవచ్చు. ఎక్కువగా అది పాదం అడుగున ఉండే పట్టీ వాపు, ప్లాంటార్ ఫాషియైటిస్ అంటారు. దానికి పిక్క కండరం సాగదీసే వ్యాయామం, మెత్తటి చెప్పు మేలు. యూరిక్ యాసిడ్ బిళ్లలతో దానికి పని లేదు.

కీలు వాపుతో పాటు చలి జ్వరం ఉంటే ఇంట్లో కూర్చోకండి. కీలులో చీము పట్టినా అచ్చం ఇలాగే ఉంటుంది, ఆలస్యం చేస్తే కీలు పాడైపోతుంది. అదే రోజు ఆసుపత్రికి వెళితే కీలులో నీరు సూదితో తీసి మైక్రోస్కోపు కింద చూస్తారు. సూదుల్లాంటి యూరేట్ స్ఫటికాలు కనిపిస్తే గౌట్ ఖాయం. దీన్ని మించిన నిర్ధారణ లేదు. రక్తపరీక్ష ఒక్కదాన్నే నమ్మితే తప్పు దారి పడతాం. నొప్పి నడుస్తున్న రోజుల్లో యూరిక్ యాసిడ్ మామూలుగా కనబడటం కొత్తేమీ కాదు. నొప్పి పూర్తిగా తగ్గి రెండు వారాలు దాటాక మళ్లీ చేయిస్తే అసలు అంకె బయటపడుతుంది.

మంట ఆర్పడానికి: కోల్చిసిన్, నొప్పి బిళ్ల, స్టెరాయిడ్

సరిగ్గా వాడితే మూడూ దాదాపు సమానంగా పనిచేస్తాయి. ఏది మేలో తేల్చేది మీ కిడ్నీ, మీ కడుపు, మీ షుగరు. వీటికి తోడు గడియారం.

కోల్చిసిన్‌కి ఆ గడియారమే ప్రాణం. నొప్పి మొదలైన 12 గంటల్లోపు వేస్తే బాగా పట్టుకుంటుంది, 36 గంటలు దాటాక పెద్దగా లాభం ఉండదు. మన దగ్గర దొరికేది 0.5 మిల్లీగ్రాముల బిళ్ల. మామూలుగా చెప్పే మోతాదు ముందు రెండు బిళ్లలు, గంట తర్వాత ఒకటి, అంతే. మర్నాటి నుంచి తగ్గేదాకా రోజుకి ఒకటో రెండో. "విరేచనాలు పట్టేదాకా గంటకొకటి" అనేది పాతకాలపు పద్ధతి. ఎక్కువ మోతాదుకీ తక్కువ మోతాదుకీ నొప్పి తగ్గడంలో తేడా లేదని, తేడా అంతా విరేచనాల్లోనే ఉందని పరీక్షల్లో తేలింది. ఇప్పటికీ ఆ పాత మాట చెప్పేవాళ్లున్నారు, వినకండి. కిడ్నీ బలహీనంగా ఉన్నవాళ్లకు ఈ మందు ఒంట్లో పేరుకుపోతుంది. క్లారిత్రోమైసిన్ అనే యాంటీబయోటిక్, ఇట్రాకొనజోల్ అనే ఫంగస్ మందు, బీపీకి ఇచ్చే వెరాపమిల్, డిల్టియాజెమ్ వాడుతుంటే కోల్చిసిన్ విషంగా మారే ప్రమాదం ఉంది. చర్మం మీద తామరకు నెలల తరబడి ఇట్రాకొనజోల్ వాడేవాళ్లు మనలో చాలామందే ఉన్నారు. అది చర్మం మందేగా అని డాక్టరుకు చెప్పకుండా ఊరుకోవద్దు.

ఒక మాట పక్కగా. కోల్చిసిన్ అగ్నిశిఖ మొక్క దుంపలో, గింజలో కూడా ఉంటుంది. అంతమాత్రాన ఆ దుంప అరగదీసి తాగితే మందు కాదు, ప్రాణాంతకం. బిళ్లలో అర మిల్లీగ్రాము అని కొలత ఉంటుంది, దుంపలో ఎంత ఉందో కంటితో చూసి చెప్పలేం.

నొప్పి బిళ్లల్లో న్యాప్రోక్సెన్ 500 రోజుకి రెండుసార్లు, లేదా ఎటోరికాక్సిబ్ 120 రోజుకి ఒకటి. ఎటోరికాక్సిబ్ ఆ మోతాదులో 8 రోజులు మించకూడదు. న్యాప్రోక్సెన్ అన్నం తిన్నాకే, కడుపుకు పాంటోప్రజోల్ తోడుగా. వయసులో ఉండి, కిడ్నీ, గుండె, కడుపు బాగున్నవాళ్లకు ఇవి మంచివే. క్రియాటినిన్ (కిడ్నీ పనితీరు చెప్పే రక్తపరీక్ష అంకె) పెరిగినవాళ్లు, అల్సర్ ఉన్నవాళ్లు, గుండె బలహీనంగా ఉన్నవాళ్లు, రక్తం పలచబడే మందు వాడేవాళ్లు ముట్టుకోకూడదు. గౌట్ ఉన్నవాళ్లలో చాలామందికి బీపీ, షుగరు, కిడ్నీ ఏదో ఒకటి ఉండనే ఉంటుంది, అందుకే చీటీ లేకుండా షాపులో అడిగి కొనుక్కోవడానికి ఇది తగిన మందు కాదు. పారాసెటమాల్ హాని చేయదు గానీ ఈ నొప్పికి చాలదు. తలనొప్పికి వేసుకునే యాస్ప్రిన్ బిళ్ల మాత్రం గౌట్ నొప్పికి వేసుకోవద్దు. గుండెకి రోజూ వేసే చిన్న యాస్ప్రిన్‌ను మీ అంతట మీరు ఆపొద్దు.

కిడ్నీ దెబ్బతిన్నవాళ్లకు స్టెరాయిడే మేలు. ప్రెడ్నిసొలోన్ రోజుకి 30 నుంచి 35 మిల్లీగ్రాములు, పొద్దున టిఫిన్ తిన్నాక, 5 రోజులు. వచ్చిన చిక్కు షుగరుతో. అప్పటిదాకా 150 ఉన్నది 300 దాటొచ్చు, కాబట్టి ఆ అయిదు రోజులూ ఇంట్లో మిషన్‌తో చూసుకోవాలి. ఒక్క కీలే వాచి ఉంటే, చీము లేదని తేల్చుకున్నాక, ఆ కీలులోకే స్టెరాయిడ్ సూది వేయించుకోవడం షుగరు ఉన్నవాళ్లకు ఇంకా మేలు. వీధి చివర ఆర్‌ఎంపీ దగ్గర నొప్పి వచ్చినప్పుడల్లా ఏం సూదో తెలియకుండా వేయించుకోవడం వేరు, ఇది వేరు. పేరు లేని వాతం పొడుల్లోనూ స్టెరాయిడ్ కలుపుతుంటారు. "వేసుకోగానే తగ్గింది, ఆపగానే వచ్చింది" అంటే దాన్నే అనుమానించాలి.

ఐసా, వేడినీళ్లా? నొప్పి నడుస్తున్నప్పుడు ఐసే. ఐసు ముక్కలు ప్లాస్టిక్ కవరులో వేసి, పైన తడి చేతిరుమాలు చుట్టి, కీలు మీద 15, 20 నిమిషాలు ఆనించి తీసేయాలి. రోజుకి నాలుగైదు సార్లు చేయొచ్చు. ఐసు నేరుగా చర్మానికి తగిలితే చర్మం కమిలిపోతుంది. షుగరు వల్ల పాదం మొద్దుబారినవాళ్లకు ఆ సంగతి తెలియను కూడా తెలియదు, వాళ్లు ఐదు నిమిషాలకోసారి తీసి చూసుకోవాలి. వేడి కాపడం, బామ్ పెట్టి మర్దనా వాపును రెచ్చగొడతాయి. కాలు దిండు మీద ఎత్తి పెట్టుకుని, దుప్పటి తగలకుండా పాదానికి అటూ ఇటూ రెండు దిండ్లు నిలబెట్టి వాటి మీదుగా కప్పుకుంటే నిద్ర పడుతుంది.

మళ్లీ రాకుండా: అల్లోప్యూరినాలా, ఫెబుక్సోస్టాటా?

పటికబెల్లం ఎలా కడుతుందో గుర్తు చేసుకోండి. పాకం చిక్కబడి చల్లారితే దారానికి పలుకులు కడతాయి. రక్తంలో యూరిక్ యాసిడ్ 6.8 (డెసిలీటరుకు మిల్లీగ్రాములు) దాటితే కీళ్లలో జరిగేది ఇదే, పైగా ఒంట్లో చల్లగా ఉండే చోటు కాలివేళ్లు. ఆ పలుకులు కరగాలంటే అంకె 6 కిందికి రావాలి, అక్కడే ఉండాలి. చెవి అంచున, మోచేతి మీద తెల్లటి గడ్డలు కట్టినవాళ్లకు 5 కిందికి.

ఇక్కడ ల్యాబ్ రిపోర్టు ఒక పెద్ద పొరపాటు చేయిస్తుంది. మగవాళ్లకు మామూలు హద్దు 7 లేదా 7.2 అని చాలా రిపోర్టుల్లో అచ్చయి ఉంటుంది. మీకు 6.9 వచ్చిందనుకోండి, ఆ అంకె కింద ఎర్ర గీత ఉండదు, "నార్మల్" అనుకుని బిళ్ల ఆపేస్తారు. 6.9 దగ్గర పలుకులు కరగవు సరికదా, మెల్లగా పెరుగుతుంటాయి. గౌట్ ఉన్న మనిషి చూసుకోవాల్సిన హద్దు 6, కాగితం మీద ఏం రాసి ఉన్నా సరే.

రెండిటిలో ముందు అల్లోప్యూరినాల్, ఇందులో మాకు సందేహం లేదు. 1966 నుంచి వాడుకలో ఉంది, చవక, ఎంతకాలమైనా వాడొచ్చు. దాన్ని కనిపెట్టిన పరిశోధనలో ముఖ్యులైన గెర్ట్రూడ్ ఎలియన్, జార్జ్ హిచింగ్స్‌లకు 1988లో నోబెల్ బహుమతి వచ్చింది. రోజుకి 100 మిల్లీగ్రాములతో మొదలు, కిడ్నీ పనితీరు బాగా తగ్గినవాళ్లకు 50తో. రెండు నుంచి నాలుగు వారాలకోసారి పరీక్ష చేయించి 100 చొప్పున పెంచాలి. ఎక్కువమంది దెబ్బతినేది ఇక్కడే. 100 రాసినవాళ్లు ఏళ్ల తరబడి 100 దగ్గరే ఉండిపోతారు, లేదా 300 దాటడానికి జంకుతారు. 300తో 6 కిందికి రాకపోతే డాక్టరు పర్యవేక్షణలో 400, 500 అయినా వెళ్లాలి, గరిష్ఠ హద్దు 800. దీని ఒక్క భయం చర్మం మీద దద్దుర్లు. మొదటి రెండు మూడు నెలల్లో దద్దుర్లు, జ్వరం, నోటిపూత ఏది కనబడినా ఆ పూటే బిళ్ల ఆపి డాక్టరు దగ్గరికి వెళ్లాలి. అరుదుగా వచ్చినా అది ప్రాణం మీదికి తెస్తుంది. తక్కువ మోతాదుతో మొదలుపెట్టమనడం అందుకే.

అల్లోప్యూరినాల్ పడనివాళ్లకు, పెంచినా అంకె దిగనివాళ్లకు ఫెబుక్సోస్టాట్. 40తో మొదలై, చాలకపోతే 80. కిడ్నీ పనితీరు కొంచెం తగ్గినా మోతాదు లెక్కలు తక్కువ. అందుకే మన దగ్గర చాలాచోట్ల మొదటి రోజే ఇది రాసేస్తున్నారు. 2019లో అమెరికా మందుల నియంత్రణ సంస్థ దీని సమాచార పత్రంలో గుండె మరణాల హెచ్చరికను గడి కట్టి పెట్టించింది. 2020లో వెలువడిన మరో పెద్ద పరీక్షలో అల్లోప్యూరినాల్ కన్నా ఎక్కువ ముప్పు కనబడలేదు. అయినా స్టెంట్ వేయించుకున్నవాళ్లు, పక్షవాతం వచ్చినవాళ్లు ఆ సంగతి చెప్పి "నాకు ఇదే తప్పదా?" అని అడగడం వాళ్ల హక్కు. అజథియోప్రిన్ (రోగనిరోధక శక్తిని అణిచే మందు) వాడేవాళ్లు మాత్రం రెండిటిలో ఏదీ మొదలుపెట్టకూడదు.

ఏది మొదలుపెట్టినా మొదటి నెలల్లో నొప్పి ఇంకా ఎక్కువసార్లు రావచ్చు. మందు పడక కాదు, పాత పలుకులు కరుగుతూ కదులుతున్నాయి. అందుకే తోడుగా కోల్చిసిన్ 0.5 రోజుకి ఒకటో రెండో, 3 నుంచి 6 నెలలు ఇస్తారు. ఈ తోడు మందు రాయకపోతే కొన్ని వారాల్లో మళ్లీ కాలు వాయొచ్చు, "ఈ బిళ్ల నాకు పడలేదు" అని మనిషి మానేస్తాడు. నొప్పి వచ్చినా రోజువారీ బిళ్ల ఆపొద్దు.

ఏడాదికి రెండుసార్లు, ఆపైన నొప్పి వచ్చినా, గడ్డలు కట్టినా, ఎక్స్‌రేలో ఎముక తిన్నట్టు కనబడినా యూరిక్ యాసిడ్ దించే బిళ్ల మొదలుపెట్టాలి. ఒక్కసారే వచ్చినా కిడ్నీ జబ్బో, రాళ్లో ఉంటే, లేదా అంకె 9 దాటితే అప్పుడే మొదలుపెట్టడం మంచిది. నొప్పే రాకుండా హెల్త్ చెకప్ ప్యాకేజీలో 7.5 వచ్చిందని బిళ్ల మింగక్కర్లేదు.

గోంగూరా, మటనా?

గోంగూర మటన్ తిన్న రాత్రి కాలు వాచిందంటే అందరూ గోంగూరనే తిడతారు. దోషి మటన్. ఆకుకూరల్లో, పప్పుల్లో ప్యూరిన్లు (ఒంట్లో యూరిక్ యాసిడ్‌గా మారే పదార్థాలు) ఉన్నా అవి గౌట్ ముప్పు పెంచవని పెద్ద అధ్యయనాల్లో తేలింది. కందిపప్పు, పాలకూర మానేసి, పప్పన్నం లేకుండా నీరసపడటం అనవసరపు శిక్ష. గోంగూరలో ఆక్సలేట్లు ఎక్కువ కాబట్టి కిడ్నీలో ఆక్సలేట్ రాళ్లు ఉన్నవాళ్లు తగ్గించాలి, అది వేరే లెక్క. గుంటూరు కారానికీ యూరిక్ యాసిడ్‌కీ సంబంధం లేదు.

తగ్గించాల్సినవి లివరు, కిడ్నీ లాంటి లోపలి భాగాలు, బోటీ, తలకాయ కూర, నెత్తళ్లు, ఎండుచేపలు, రొయ్యలు. బీరు అన్నిటికన్నా చెడ్డది, ఆ తర్వాత విస్కీ, బ్రాందీ. కల్లు కూడా మంచిది కాదు. బెజవాడ ఎండల్లో దాహానికి చెరుకురసమా, కూల్‌డ్రింకా, మజ్జిగా అంటే మజ్జిగే. మొదటి రెండిటిలో చక్కెర వల్ల ఫ్రక్టోజ్ ఉంటుంది, అది కాలేయంలో యూరిక్ యాసిడ్‌ను పెంచుతుంది. పాలు, పెరుగు ముప్పును తగ్గిస్తాయి. చెమట ఎక్కువ పట్టి నీళ్లు తక్కువ తాగిన రోజున, కార్తీక సోమవారం నీళ్లు కూడా ముట్టకుండా ఉపవాసం ఉన్న రోజున నొప్పి తిరగబెట్టొచ్చు. ఉపవాసం ఉండేవాళ్లు కనీసం నీళ్లు, మజ్జిగ తాగాలి.

ఎంత పథ్యం చేసినా తగ్గేది సుమారు ఒక్క పాయింటు. 9 ఉన్నది 8 అవుతుంది, 6 కాదు. అందుకని బిళ్లకు బదులుగా పథ్యం నిలవదు.

బీపీ బిళ్ల అట్ట వెనక ఒకసారి తిప్పి చూడండి. పేరు చివర "హెచ్" అక్షరం ఉంటే అందులో హైడ్రోక్లోరోథయజైడ్ కలిసి ఉండొచ్చు. అది మూత్రం ద్వారా ఉప్పును పంపిస్తూ యూరిక్ యాసిడ్‌ను లోపలే ఆపేస్తుంది. లోసార్టాన్ అయితే దాన్ని కొంత బయటకు పంపుతుంది. ఈ మార్పు మీ అంతట మీరు చేయొద్దు, బీపీ డాక్టరును అడగండి.